చివరి గుంజ దాటాక

మూడో తేదీ, సోమవారం

రాయి. పుట్టినప్పుడు నాకు పెట్టిన పేరు ఒకటుంది కాని, దానితో నన్ను పిలిచినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. తాళ్ల షెడ్డులో అందరూ ఇనుపవేళ్ల పెద్దమ్మ అంటారు. ఆ పేరే వెయ్యి. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో నాకు తెలియదు, మా యజమానికి అసలే తెలియదు, అయినా నా వయసు గురించి ఎక్కువ మాట్లాడేది ఆయనే. ఇంట్లో ముగ్గురం. నేను, నా కొడుకు, నా మాటలు రాస్తున్న ఈ కోడలు. షెడ్డు పక్కనే రెండు గదులు. నాకు చదువు రాదు, కోడలికి వచ్చు. చెప్పింది చెప్పినట్టు రాయాలని, సొంత తెలివి కలపకూడదని ముందే చెప్పాను.

రోజూ రాయించమన్నది మా పనివాళ్ల సంఘం పెద్ద. "పెద్దమ్మా, అంతా ఒక్కసారే చెప్పబోతే కోపంలో సగం మర్చిపోతావు. ఏ రోజు సంగతి ఆ రోజు రాయించు, మీటింగులో నేను చదువుతాను" అన్నాడు.

సంగతి ఇది. మా షెడ్డులో పేనిన తాడు తెగింది. దాని మీద వేలాడుతూ నీళ్ల ట్యాంకుకు రంగు వేస్తున్న పొడుగోడు కింద పడ్డాడు. బతికాడు. తుంటి ఎముక విరిగింది. ఎత్తుల మీద రంగులు వేయడమే అతని పని, నా కొడుకు పని కూడా. ఇద్దరూ వంతులవారీగా ఎక్కుతారు. ఆ రోజు వంతు నా కొడుకుది కాదు, అంతే.

ముసలిదాని వేళ్లు పోయాయి, దాని పోగు సన్నగా వచ్చింది, అందుకే తాడు తెగింది అంటున్నాడు యజమాని. నన్ను రాట్నం దగ్గర నుంచి తప్పించి పీచు దులిపే మూల కూర్చోబెట్టాడు. నా వేళ్లు పోలేదు. ఈ మాట కింద గీత కూడా గియ్యి.

మీటింగుకు రంగులవాళ్లూ వస్తారు, వాళ్లకు మా పని తెలియదు, కాబట్టి అదీ రాయి. షెడ్డు సన్నగా, పొడుగ్గా ఉంటుంది, రెండు వైపులా కప్పు మోసే గుంజలు. ఈ కొసన రాట్నం. నడుముకు కట్టుకున్న సంచిలోంచి పీచు లాగి, రాట్నం కొక్కేనికి తగిలించి, చేతుల్లోంచి కొంచెం కొంచెంగా వదులుతూ వెనక్కి నడుస్తాం. రాట్నం తిరిగేకొద్దీ పీచుకు పురి ఎక్కి పోగు అవుతుంది. మడమ అవతలి గోడకు తగిలితే ఒక పోగు పూర్తయినట్టు. అలాంటి పోగులన్నీ పక్కపక్కన చేర్చి మూడు పేటలు చేసి, మూడు పేటల్నీ కలిపి తాడు పేనుతాం. నడుస్తుండగా వెనక్కి తిరిగి చూడకూడదు. మెడ తిరిగితే చేయి తిరుగుతుంది, పోగు చెడుతుంది. నా జీవితంలో సగం నేను చూడని వైపుకే నడిచాను.

ఈ మధ్య నాతో పాటు పోగులు తీసే ఆడపిల్లలు ఒక మాట పుట్టించారు. చివరి గుంజ దాటాక, గోడకు ముందు, వెనక ఎవరో నిలబడి ఉంటున్నారట. ఆ మాట మొదట అన్నది ఎవరో కాదు, ఇప్పుడు కలం పట్టుకున్నావిడే. ఆపకు, రాయి. పిరికిదానివని కూడా రాయి.

(రాశాను అత్తయ్యా.)

నాలుగో తేదీ, మంగళవారం

రోజంతా పీచు దులిపాను. దుమ్ము నా నోట్లోకి, గొణుగుడు యజమాని చెవిలోకి.

రాట్నం తిప్పేది మా మరిది, మా ఆయన తమ్ముడు. షెడ్డులో అందరూ చివరి గోడకు వీపు పెట్టి నడుస్తుంటే అటు ముఖం పెట్టి కూర్చునేది అతనొక్కడే. మధ్యాహ్నం వెళ్లి అడిగాను.

"ఏం మరిదీ, రోజంతా అటే చూస్తుంటావు కదా. చివరి గుంజ దగ్గర ఎవరైనా ఉంటున్నారా?"

రాట్నం ఆపాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. దాన్ని మడత పెట్టి భుజాన వేసుకున్నాడు. అప్పుడు "ఎవరూ లేరు వదినా" అన్నాడు.

"ఉంటే చెప్పవా?"

"ఉంటే నువ్వే చెబుతావుగా."

ఎవరూ లేరు అనడానికి మనిషికి అంతసేపు ఎందుకు పడుతుంది?

ఆరో తేదీ, గురువారం

ఈ రోజు యజమాని గదిలోకి వెళ్లాను. కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను.

"నా చేత ఒక్క పోగు తీయించి చూడండి. తేడా కనిపిస్తే రేపట్నుంచి రాను."

"తేడా నాకేం తెలుస్తుంది పెద్దమ్మా? నేను తాడు అమ్మేవాణ్ణి."

"తెలియనప్పుడు నా వేళ్ల జోలికి ఎందుకొచ్చారు?"

నవ్వాడు. మంచివాడే, నవ్వు వచ్చినప్పుడు. ఒక్క పోగు తీయనిచ్చాడు.

తీశాను. సంచి నడుముకు తగలగానే ఒంట్లోకి నా వయసు కాని వయసేదో వచ్చింది. గుంజలు ఒక్కొక్కటే రెండు వైపుల నుంచి నా ముందుకు వచ్చి చిన్నవవుతున్నాయి. మరిది చిన్నవాడయ్యాడు. రాట్నం చప్పుడు చిన్నదయింది. చివరి గుంజ కూడా ముందుకు వచ్చింది. అంటే దాటాను.

నాకు ఏమీ అనిపించలేదు. రాశావా? ఏమీ అనిపించలేదు. గోడ దగ్గర కొంచెం చల్లగా ఉంది, వానలు కదా. తడిసిన పీచు వాసన వచ్చింది, తడిసిన పీచు పెట్టేదే అక్కడ. మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఈ వయసులో వెంట్రుకలు ఉండటమే గొప్ప, లేస్తే లేవనీ. ఏమీ అనిపించలేదు.

(ఇది అత్తయ్య చెప్పింది కాదు. నేను పక్క వరుసలోనే ఉన్నాను. అత్తయ్య మడమ గోడకు తగలలేదు. తగలకముందే ఆగిపోయింది.)

ఏడో తేదీ, శుక్రవారం

ఈ రోజు చెప్పడానికి ఏమీ లేదు. ఏమీ అనిపించలేదు అని నిన్న రాశావు కదా, అది చదివి వినిపించు. సరే. ఉండనీ.

తొమ్మిదో తేదీ, ఆదివారం

కొడుకు ఇంట్లో ఉన్నాడు. ట్యాంకు పని సగంలో ఆగింది కదా, మిగతా సగానికి, రేపు కాదు, పై సోమవారం తను ఎక్కుతున్నాడట. కొత్త తాడు ఈ వారంలో మన షెడ్డులోనే పేనుతారట.

కోడలు కంచం ముందు నుంచి లేచింది. "వేరే చోట తాడు కొనమనండి."

"మా అమ్మ పేనిన తాడు ఉండగా వేరేది ఎందుకే?"

"మీ అమ్మనే అడగండి, ఆ తాడు మీద మిమ్మల్ని ఎక్కనిస్తుందేమో."

వాడు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, ఎక్కమంటావా? పడితే ఇది ఇంట్లో పెట్టే నసంతా నువ్వొక్కదానివే భరించాలి మరి."

"నోరు మూసుకుని తిను" అన్నాను. వాడు నవ్వాడు. ఎత్తులు ఎక్కేవాళ్లందరూ ఇలాగే నవ్వుతారు. పొడుగోడూ నవ్వేవాడు.

ఎక్కు అని నేను అనలేదు. వద్దు అనీ అనలేదు. వద్దు అంటే నా వేళ్లు పోయాయని ఒప్పుకున్నట్టే కదా.

పదో తేదీ, సోమవారం

తెగిన తాడు సంఘం పెద్ద దగ్గర దాచి ఉంది. చూస్తానని అడిగి తెప్పించుకున్నాను. నేల మీద పరిచి, కళ్లు మూసుకుని, వేళ్లతో చూశాను. నాకు కళ్లకన్నా అవే నయం.

మొదట్నుంచీ బాగుంది. బిగువుగా, నిండుగా. తెగిన కొస దగ్గరికి వచ్చేసరికి వేళ్ల కింద తాడు నడుము సన్నబడినట్టు తగ్గిపోయింది. పేటలు విప్పాను. పోగులు విడదీశాను. ప్రతి పోగూ అక్కడే సన్నబడింది. ఒకటి ఇక్కడ, ఇంకొకటి అక్కడ అయితే ఒకదాని లోటు ఇంకొకటి మోస్తుంది, తాడు తెగదు. అన్నీ ఒకే చోట. గోడకు ముందు, చివరి గుంజకు తర్వాత.

ఎలా జరిగిందో నా చేతికి అర్థమైంది. బెదిరితే పిడికిలి బిగుస్తుంది. బిగిస్తే పీచు వదలదు. పీచు వదలకుండా నడిస్తే పోగు సన్నబడుతుంది. అక్కడ ఎవరైనా ఉన్నారో లేదో కాని, ఉన్నారనుకున్న చేతులన్నీ అక్కడే బిగుసుకున్నాయి.

ఇక్కడితో నా మీది నింద పోయినట్టే. పిరికిపిల్లలు బిగించిన పిడికిళ్లు, నావి కావు. అలాగే రాయించబోయాను.

మా షెడ్డులో ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు ఉంటుంది. పోగు మొదట్నుంచీ చివరిదాకా పీచులో ఒక రంగు దారం కలిపి నడుస్తాం. చదువు రానివాళ్ల సంతకం అది. కోడలిది పచ్చ. నాది ఎరుపు. నాది వెతుకు అన్నాను కోడలితో. వెతికి నా చేతిలో పెట్టింది.

ఇంక రాయకు.

సరే, రాయి. ఎర్రది కూడా. ఎర్రది అన్నిటికన్నా సన్నగా ఉంది.

ఈ కాగితాలు సంఘానికి ఇవ్వను. నీ దగ్గర పెట్టుకో. ఎవరికీ చదివి వినిపించకు, నాకు తప్ప.

పదకొండో తేదీ, మంగళవారం

తేదీ వెయ్యి. అంతే.

పన్నెండో తేదీ, బుధవారం

పొద్దున వాకిలి వైపు వీపు పెట్టి గిన్నెలు తోముతున్నాను. నా ముందు నేల మీద నీడ పడింది. తల ఎత్తకుండానే "వచ్చావా, గొడుగు బయట పెట్టు" అన్నాను. వెనక నుంచి కొడుకు "గొడుగు ఉందని నీకెలా తెలుసమ్మా" అన్నాడు. గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

షెడ్డు చివరి గోడకు మొన్న వేసవి దాకా పెద్ద తలుపు ఉండేది, ఎప్పుడూ తీసే ఉండేది. పీచు బస్తాలు పోతున్నాయని యజమాని దానికి మేకులు కొట్టించాడు. తలుపు ఉన్నన్నాళ్లూ వెలుతురు మా వీపుల మీద పడేది, మా నీడలు మా ముందు పరుచుకునేవి. వెనక కుక్క నిలబడినా దాని నీడ మా కాళ్ల దగ్గరికి వచ్చేది. వెనక్కి చూడము అని ఇన్నాళ్లూ గొప్పలు పోయాను. చూస్తూనే ఉన్నానన్నమాట, నేల మీద. చూస్తున్నానని నాకే తెలియదు.

ఇప్పుడు నేల ఏమీ చెప్పదు. చెప్పని చోట ఎవరినో ఒకరిని మేమే నిలబెట్టుకున్నాం.

యజమానికి చెప్పాను. ఈసారి నవ్వలేదు. "వానలు తగ్గాక తీయిస్తాను పెద్దమ్మా. ఇప్పుడు తీస్తే సరుకంతా తడుస్తుంది" అన్నాడు. తాడు మాత్రం శుక్రవారానికి కావాలి.

పోనీలే, కారణం తెలిసింది కదా. తెలిశాక భయం ఏముంది?

పదమూడో తేదీ, గురువారం

మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్లినప్పుడు మరిదిని రాట్నం తిప్పమని ఒక పోగు తీశాను. తలుపు గురించి, నీడల గురించి నాలో నేను చెప్పుకుంటూ నడిచాను. చివరి గుంజ దాటాను.

ఉన్నారు.

ఈసారి ఉన్నది ఉన్నట్టు రాయి. వెనక, చేయి చాస్తే అందేంత దూరంలో మనిషి ఉన్నట్టు ఉంది. ముసలివాళ్లు నిలబడినప్పుడు ముక్కుతో తీసే ఊపిరి లాంటిది మెడకు తగిలింది. కోపంగా లేరు. కాచుకుని ఉన్నారు. పిడికిలి తెరవమని నా చేతికి చెప్పాను. నా చేయి నా మాట వినలేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ ఎదురు చెప్పని చేయి.

కారణం తెలిసింది, మనిషి పోలేదు.

కోడల్ని అడిగాను, నీకూ ఇలాగేనా అని. "ఇలాగే అత్తయ్యా. మీరు ఏమీ అనిపించలేదన్న రోజే నాకు ఎక్కువ భయమేసింది. ఇంత గట్టిమనిషికే అనిపించకపోతే, అది నా కోసమే వచ్చిందనుకున్నాను" అంది.

నేను ముందే ఒప్పుకుని ఉంటే దానికి భయం సగం తగ్గేది. ఆ మాట దానితో అనలేదు. అదే రాసుకుంటోంది కాబట్టి ఇప్పుడు తెలిసిపోయింది.

పద్నాలుగో తేదీ, శుక్రవారం

పొద్దున్నే యజమానితో చెప్పాను. "నేను పోగు తీయను. చివరి గుంజ అవతల నిలబడతాను."

"నిలబడి?"

"నిలబడతాను. దానికి వేళ్లతో పనిలేదు కదా."

అందరినీ పిలిచి చెప్పాను. "వెనక ఎవరో ఉన్నారని మీకు అనిపిస్తోంది. అనిపించనీ. ఈ రోజు నిజంగానే ఉంటారు. అది నేను. మీ వీపు దగ్గరికి రాగానే మాట్లాడతాను." ఒక పిల్ల "తిడతావా పెద్దమ్మా" అంది. "అలవాటైన గొంతు కదే, ధైర్యంగా ఉంటుంది" అన్నాను. అందరూ నవ్వారు.

మేకులు కొట్టిన తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఇన్నేళ్లలో షెడ్డును అటు నుంచి నేను చూసింది ఇదే మొదటిసారి. దూరంగా రాట్నం, దాని వెనక అగ్గిపుల్లంత మరిది. అక్కడి నుంచి నా వైపుకు వీపులు వస్తున్నాయి. ముఖాల్లేని వీపులు, నెమ్మదిగా, ఒక్క తీరుగా, అడుగు తర్వాత అడుగు. ఎదురుగా వస్తున్న వీపును చూడటం ఎలా ఉంటుందో నేను ఎన్నడూ అనుకోలేదు. వాళ్లకు నేను కనిపించను, నాకు వాళ్లు కనిపిస్తున్నారు. ఇన్నేళ్లూ ఇక్కడ ఎవరైనా నిలబడి ఉంటే, వాళ్లకు నేనిలాగే కనిపించి ఉంటాను. అలా వచ్చే మనిషిని చూస్తే చెడు చేయాలనిపించదు. పడిపోకుండా చూడాలనిపిస్తుంది.

మొదట కోడలు వచ్చింది. చివరి గుంజ దాటగానే దాని మెడ బిగుసుకుంది. "నేనే, రా" అన్నాను. "పొద్దున పొయ్యి మీద పాలు మరిచిపోయి వచ్చావు, నేను దింపాను. రా." దాని భుజాలు కిందికి దిగాయి. పిడికిలి తెరుచుకోవడం పక్క నుంచి కనిపించింది. పీచు ఒక తీరుగా జారింది. మడమ గోడకు తగిలింది.

ఒక్కొక్కరికీ ఒక్కో మాట. ఒకామెను జడ సరిగా వేసుకోలేదని, ఒకామెను నడక బాతులా ఉందని. పోగులన్నీ వేళ్లతో చూశాను. నిండుగా ఉన్నాయి, గోడదాకా.

చివరి వరుస వస్తున్నప్పుడు నా మెడకు ఊపిరి తగిలింది.

నా వెనక తలుపు చెక్కలు తప్ప ఏమీ లేవు. నా వీపు వాటికి ఆనే ఉంది. మనిషి పట్టే చోటు లేదు. తడి పీచు వాసన. నిన్నటి ఊపిరే.

తిరగలేదు. మా పనిలో తిరగరు. ఎదురుగా వీపులు వస్తున్నాయి, నేను మాట్లాడాలి. నా చేతుల వైపు చూసుకున్నాను. తెరిచే ఉన్నాయి. "రా, నేనే" అన్నాను ఎదురుగా వస్తున్న పిల్లతో. ఆ మాట నా వెనక నుంచి కూడా వినిపించిందో, షెడ్డు రేకుల్లో మోగిందో నేను చెప్పలేను.

పదహారో తేదీ, ఆదివారం

మీటింగు. సంఘం పెద్ద కాగితాలు అడిగాడు, లేవన్నాను. నేనే లేచి నోటితో చెప్పాను. తాడు సన్నబడింది, అందరిదీ సన్నబడింది, అన్నిటికన్నా సన్నది ఎరుపు, ఎరుపు నాది. అక్కడ నాకూ భయమేసింది, వేయలేదని అబద్ధం చెప్పాను.

మా వరుసలో పిల్ల ఒకతి లేచి "నాది నీలం. నాకూ వేసింది" అంది. తర్వాత ఇంకొకతి.

యజమాని అందరి ముందే ఒప్పుకున్నాడు. రేపు తాడు ఆగితే నేను మళ్లీ రాట్నం దగ్గరికి. ఆగకపోతే నన్ను ఎక్కడ కూర్చోబెడతారన్న బాధే నాకుండదు.

పదిహేడో తేదీ, సోమవారం

కొడుకు ఎక్కాడు.

నేను ట్యాంకుకు వీపు పెట్టి ఒక రాయి మీద కూర్చున్నాను. వెనక్కి చూడకుండా ఉండటం నాకు అలవాటు. కోడలు అటు తిరిగి నిలబడి నా భుజం మీద చేయి వేసి చూసింది. వాడు పైఅంచు నుంచి తాడు వదులుకుంటూ దిగుతున్నాడు. తాడులో చివరి గుంజ అవతల తీసిన చోటు అంచు మీదికి వచ్చినప్పుడు చెప్పమన్నాను. చెప్పనక్కర్లేకపోయింది. కోడలి వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. అలా ఎంతసేపు ఉన్నాయో. తర్వాత ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"దాటారు అత్తయ్యా" అంది.

సాయంత్రం వాడు కిందికి వచ్చి, నీళ్లు తాగి, నా పక్కన కూర్చున్నాడు. నవ్వలేదు.

"అమ్మా, సగంలో ఒక చోట నా వెనక ఎవరో ఉన్నట్టు అనిపించింది. గాల్లో, ఎవరూ ఉండలేని చోట."

"భయమేసిందా?"

"లేదు. పట్టుకుని ఉన్నట్టు అనిపించింది."

ఖాళీ గ్లాసు వాడి చేతిలోంచి తీసుకున్నాను. ఈ కాగితాల సంగతి వాడికి తెలియదు.

ఇంటికి వచ్చాక మరిదిని పిలిపించాను, ఈ కాగితాలకు సాక్షిగా. గుర్తు వేయబోయే ముందు అడిగాను.

"మరిదీ, శుక్రవారం నేను అక్కడ నిలబడ్డప్పుడు నువ్వు ఇటే చూస్తున్నావు. అక్కడ ఎవరున్నారు?"

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మడత పెట్టి భుజాన వేసుకున్నాడు.

"నువ్వే వదినా" అన్నాడు.

ఆ మాట అనడానికి మళ్లీ అంతే సేపు పట్టింది.

వేలిముద్ర వేయను. కాగితాల అంచున కన్నం పొడిచి, నేను పేనిన పీచు పోగు దూర్చి ముడి వేశాను. అందులో ఎర్ర దారం ఉంది. అదే నా గుర్తు.

నా గుర్తు: ఇనుపవేళ్ల పెద్దమ్మ.

సాక్షులు:

రాసిన కోడలు, పచ్చ దారం.

రాట్నం తిప్పే మరిది.

మూడో సాక్షికి చోటు వదలమంది అత్తయ్య. వదిలాను.